ఉరితాడు చవకే, ఉరి మాత్రం కాదు: ఈ నెల పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో నోయిడాలో పిల్లల్ని చంపిన నిఠారీ కేసు గురించి ఒకరు అడిగితే జవాబు రాస్తూ, చివర్లో నా మాటగా ఒక్క వాక్యం కలిపాను, ఉరిశిక్షను చట్టంలోంచి తీసేయడమే మంచిదని. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ కాలమ్‌కి ఆస్తి పంపకాల మీద కూడా ఎప్పుడూ రాలేదు. తిట్లు పక్కన పెట్టాను. మిగిలినవాటిలో సగానికి పైగా ఒకటే గోల, ఖర్చు. అందుకని ఈసారి వీలునామాలు, విడాకులు, చెక్ బౌన్సులు వచ్చే నెలకి వాయిదా.

ప్రశ్న: మేడమ్, పసిపిల్లల్ని చంపినవాళ్లని కూడా జైల్లో కూర్చోబెట్టి, మన పన్నుల డబ్బుతో బిరియానీలు పెట్టి మేపాలంటారా? కసబ్‌కి ఎంత ఖర్చయిందో దేశమంతా చూసింది. ఒక తాడు, ఒక పూట పని. దీనికి ఇంత చర్చ ఎందుకు?
— రిటైర్డ్ టీచర్, తెనాలి

జవాబు: మాస్టారూ, ముందు ఆ బిరియానీ సంగతి తేల్చేద్దాం. కసబ్ జైల్లో మటన్ బిరియానీ అడిగాడని చెప్పింది ఆ కేసులో ప్రభుత్వం తరఫున వాదించిన స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉజ్జ్వల్ నికమ్. 2015లో జైపూర్‌లో ఉగ్రవాదం మీద జరిగిన ఒక సదస్సులో ఆయనే చెప్పేశారు, అది తాను అల్లిన కథేనని, కసబ్ అడగనూ లేదు, ప్రభుత్వం పెట్టనూ లేదని. కసబ్ కోర్టులో కళ్లు తుడుచుకున్నాడని టీవీల్లో వచ్చి జనంలో జాలి మొదలవుతోందట, దాన్ని విరగ్గొట్టడానికి అలా అన్నారట. ఆయన ఒప్పుకుని పదేళ్లు దాటింది, బిరియానీ మాత్రం వాట్సాప్‌లో ఇంకా ఉడుకుతూనే ఉంది.

కసబ్ మీద కోట్లు ఖర్చయిన మాట నిజం. అందులో సింహభాగం భద్రతకే. ఆర్థర్ రోడ్ జైల్లో బాంబుకు కూడా తట్టుకునే ప్రత్యేక గది కట్టారు, చుట్టూ ఐటీబీపీ (టిబెట్ సరిహద్దు కాపలా దళం) జవాన్లని కాపలా పెట్టారు. అలాంటి ఖైదీ దేశం మొత్తానికి ఒక్కడు. మరణశిక్ష పడి ఇవాళ మన జైళ్లలో ఉన్నవాళ్లు 550 మందికి పైనే, వాళ్లలో ఎక్కువమంది ఊరూ పేరూ ఎవరికీ తెలియని కూలీనాలీ జనం. వాళ్లకి జైల్లో అందరికీ పెట్టే కూడే పెడతారు.

తాడు చవకే, అందులో మీతో పేచీ లేదు. బిహార్‌లోని బక్సర్ జైల్లో ఖైదీలే దాన్ని పేనుతారు, ధర రెండు వేలకి అటూ ఇటూ. అయితే ఆ తాడు దాకా వెళ్లే దారి చూడండి. సెషన్స్ కోర్టు ఉరి వేస్తే సరిపోదు, హైకోర్టులో ఇద్దరు జడ్జీలు దాన్ని ఖరారు చేయాలి, ముద్దాయి అప్పీలు చేసుకున్నా చేసుకోకపోయినా సరే. తర్వాత సుప్రీంకోర్టు, అక్కడ రివ్యూ పిటిషన్ (ఇచ్చిన తీర్పునే మళ్లీ చూడమనే అర్జీ), 2014 నుంచి దాన్ని ముగ్గురు జడ్జీలు ఓపెన్ కోర్టులో వినాల్సిందే. ఆపైన గవర్నర్‌కి, రాష్ట్రపతికి క్షమాభిక్ష, అది కాదంటే దాని మీద మళ్లీ కోర్టు, క్యురేటివ్ పిటిషన్ అనే ఆఖరి అర్జీ. నిర్భయ కేసు దేశమంతా కళ్లలో వత్తులేసుకుని చూసిన కేసు కదా. 2012 డిసెంబరులో నేరం, 2013 సెప్టెంబరులో కింది కోర్టు ఉరి, 2014 మార్చిలో హైకోర్టు ఖరారు, 2017 మేలో సుప్రీంకోర్టు, 2020లో నాలుగుసార్లు డెత్ వారెంట్, మార్చి 20 తెల్లవారుజామున రెండున్నరకి సుప్రీంకోర్టులో ఆఖరి వాదన, ఐదున్నరకి ఉరి. ఈ ఏడేళ్లలో జడ్జీల జీతాలు, ప్రభుత్వ లాయర్ల ఫీజులు, ఢిల్లీకి ఫైళ్లు మోసిన పోలీసుల టీఏ డీఏలు, ప్రత్యేక కాపలా, ఇవన్నీ ఏ పద్దులోనూ ‘ఉరి ఖర్చు’ అని రాసి ఉండవు. అందుకే మనకి కనిపించవు.

ఇక మేపడం అన్నారు. యావజ్జీవ ఖైదీ చేత పని చేయిస్తారు. హైదరాబాద్‌లో చంచల్‌గూడ దగ్గరా, చర్లపల్లి దగ్గరా జైళ్ల శాఖ నడిపే పెట్రోల్ బంకులున్నాయి, మీరు ఎప్పుడైనా అటు వెళ్తే బండిలో పెట్రోల్ కొట్టేది ఖైదీలే. నేత, వడ్రంగం, బేకరీ, వ్యవసాయం కూడా ఉంటాయి. మరణశిక్ష పడ్డవాడికి సాధారణంగా పని ఇవ్వరు, బయటికి పంపరు, కన్ను పక్కకి తిప్పకుండా కాపలా కాస్తారు. మీ ‘కూర్చోబెట్టి మేపడం’ అచ్చంగా జరిగేది ఎక్కడన్నా ఉందంటే ఉరిశిక్ష పడ్డవాళ్ల బ్యారక్‌లోనే, మాస్టారూ.

ప్రశ్న: అమెరికాలో ఉరిశిక్ష కంటే జీవితాంతం జైలే చవక అని మా ఆఫీసులో ఒకాయన అంటే నేను నమ్మలేదు. నిజమేనా? నిజమైతే ఎలా?
— ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: నిజమే. మీది టెక్సాస్ కాబట్టి నమ్మబుద్ధి కాకపోవచ్చు, అక్కడ శిక్షలు అమలు చేస్తూనే ఉంటారు. కాలిఫోర్నియా లెక్క చూడండి. అక్కడ 1978లో ఓటర్లు మరణశిక్ష పరిధిని పెంచుతూ చట్టం తెచ్చుకున్నారు. 2011లో ఫెడరల్ అప్పీలు కోర్టు జడ్జి ఆర్థర్ అలర్కాన్, పౌలా మిచెల్ అనే లా ప్రొఫెసర్ కలిసి లెక్కకట్టారు. అప్పటికి రాష్ట్రం దీని మీద పెట్టిన ఖర్చు దాదాపు 400 కోట్ల డాలర్లు, ఆ మొత్తం కాలంలో శిక్ష అమలు చేసింది 13 మందికి. తలకి 30 కోట్ల డాలర్ల పైచిలుకు. మన డబ్బులో, ఇవాళ్టి రేటుకి, ఒక్కొక్కరికి రెండున్నర వేల కోట్లు. ఇందులో జాలిగుండె ఎన్జీవోల లెక్కేం లేదు, ఆ జడ్జి ఒకప్పుడు ప్రాసిక్యూటర్‌గా పని చేసినవాడే.

ఎలా అంటారా. ప్రాసిక్యూటర్ మరణశిక్ష అడుగుతాను అన్న క్షణం నుంచే కేసు వేరే దారి పడుతుంది. జ్యూరీని ఎంచుకోవడానికే వారాలు పడుతుంది. ఒకే కేసుకి రెండు విచారణలు, నేరం చేశాడా లేదా అన్నది ఒకటి, చావాలా బతకాలా అన్నది ఇంకొకటి. ఆ రెండోదానికి ముద్దాయి పుట్టుపూర్వోత్తరాలు, బాల్యం, మానసిక స్థితి తవ్వడానికి మనుషులు, డాక్టర్లు. ఆపైన రాష్ట్ర కోర్టులు, ఫెడరల్ కోర్టులు, ఇరవై, ఇరవై ఐదేళ్లు. ప్రాసిక్యూటర్ మరణశిక్ష అడిగి, జ్యూరీ చివరికి యావజ్జీవమే వేసినా, మొదటి దశలో పెట్టిన ఈ డబ్బంతా పోయినట్టే. అలాంటి కేసులు తక్కువేం కాదు.

ఇందులో నాకు తమాషాగా అనిపించేది ఆ తర్వాతి కథ. ఈ లెక్క చూపించి 2012లో రద్దు కోసం ఓటింగ్ పెడితే 52 శాతం మంది వద్దన్నారు. 2016లో మళ్లీ పెట్టారు, మళ్లీ ఓడిపోయింది, పైగా అదే రోజు అప్పీళ్లు త్వరగా తెమల్చాలన్న ఇంకో ప్రతిపాదన గెలిచింది. అప్పీళ్లకి ఐదేళ్ల గడువు అని అందులో రాసుకున్నారు, మరుసటి ఏడాది ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ గడువు సూచన మాత్రమే, కచ్చితం కాదని తేల్చేసింది. 2019లో గవర్నర్ న్యూసమ్ అమలు ఆపేశారు, అప్పటికి 737 మంది వరుసలో ఉన్నారు. 2006 తర్వాత అక్కడ ఒక్క అమలూ లేదు. శిక్ష ఉంది, ఖర్చు ఉంది, అమలు లేదు.

మనవాళ్లకి తెలిసిన కేసు పెన్సిల్వేనియాది. పసిపాపని, నాయనమ్మని చంపిన కేసులో 2014లో ఒక తెలుగు యువకుడికి మరణశిక్ష పడింది, 2018 ఫిబ్రవరికి తేదీ కూడా పెట్టారు. అప్పుడు ఇక్కడి పేపర్లన్నీ రేపే ఎల్లుండే అన్నట్టు రాశాయి. ఆ రాష్ట్రంలో 1999 తర్వాత ఎవరికీ శిక్ష అమలు కాలేదు, 2015 నుంచి గవర్నరే అమలు నిలిపేశారు, ఆ తేదీ కాగితం మీద తేదీ మాత్రమే. బాధితుల కుటుంబం కూడా తెలుగువాళ్లే. వాళ్లని ఆ తేదీ చుట్టూ తిప్పడం తప్ప జరిగిందేమీ లేదు.

ప్రశ్న: అయితే సమస్య శిక్షలో లేదు, సాగదీతలో ఉంది. హైకోర్టు ఒకసారి ఓకే అంటే నెలలో ఉరి తీసేయండి. ఖర్చూ తగ్గుతుంది, భయమూ పుడుతుంది. ఇంత సింపుల్ విషయం మీ లాయర్లకి ఎందుకు అర్థం కాదు?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్

జవాబు: అర్థమవుతుంది బాబూ, అందుకే భయం.

నిఠారీ కేసే తీసుకోండి. నోయిడాలో ఒక ఇంటి వెనక కాలువలో పిల్లల ఎముకలు బయటపడ్డ కేసు, 2006. ఆ ఇంటి పనివాడికి కింది కోర్టు ఉరి వేసింది, 2009లో హైకోర్టు ఖరారు చేసింది, 2011లో సుప్రీంకోర్టు కూడా సరే అంది. మీ పద్ధతిలో అతను 2009లోనే పోయేవాడు. రాష్ట్రపతి క్షమాభిక్ష కాదన్నాక, 2014 సెప్టెంబరులో అతన్ని మీరట్ జైలుకి తెచ్చారు, వారెంట్ సిద్ధం, ఉరికంబం సిద్ధం. లాయర్లు అర్ధరాత్రి ఢిల్లీలో జడ్జి ఇంటి తలుపు తట్టి, ఒంటిగంట దాటాక స్టే తెచ్చుకున్నారు. 2023లో అలహాబాద్ హైకోర్టు 12 కేసుల్లో అతన్ని నిర్దోషి అంది. మిగిలింది ఒక్కటే కేసు, సరిగ్గా ఆ రాత్రి ఏ కేసులో ఉరి తీయబోయారో అదే. 2025 నవంబరులో సుప్రీంకోర్టు అందులోనూ నిర్దోషి అని తేల్చింది, పోలీసులు తెచ్చిన ఒప్పుకోలు, రికవరీలు నమ్మదగ్గవి కావని. చనిపోయిన ఆ పిల్లలకి ఎవరు న్యాయం చేస్తారన్నది వేరే ప్రశ్న, చాలా పెద్ద ప్రశ్న. దర్యాప్తు మొదట్లోనే సవ్యంగా చేసుంటే అది మిగిలేది కాదు. కానీ ఒక మనిషిని తప్పు సాక్ష్యం మీద ఉరి తీసుంటే కేసు అక్కడితో మూతపడేది, దర్యాప్తు ఎంత చెత్తగా జరిగిందో ఎవరూ తవ్వేవారు కాదు.

ఇది ఒక్కటే అనుకోకండి. మహారాష్ట్రలో 2003లో నాసిక్ దగ్గర ఒక కుటుంబాన్ని చంపిన కేసులో సంచార తెగకి చెందిన ఆరుగురు పేదవాళ్లని పట్టుకున్నారు. ఆరుగురికీ కింది కోర్టు ఉరి. హైకోర్టు ముగ్గురికి యావజ్జీవానికి తగ్గించింది. 2009లో సుప్రీంకోర్టు ఆ ముగ్గురికి కూడా మళ్లీ ఉరి వేసింది, చూడండి, తగ్గిన శిక్షని పెంచి మరీ. 2019లో అదే సుప్రీంకోర్టు రివ్యూలో ఆరుగురూ నిర్దోషులంది. దాడిలో బతికి బయటపడ్డ మనిషి, మొదట్లో పోలీసులు చూపించిన ఫొటోల్లో వేరే నలుగురిని గుర్తు పట్టిందట, వాళ్ల జోలికి ఎవరూ పోలేదు. పదహారేళ్ల జైలుకి తలా 5 లక్షలు ఇమ్మన్నారు. మీ భాషలో చెప్పాలంటే, మీరు డిలీట్ చేయమంటున్న ఆ రివ్యూ స్టెప్ లేకపోతే ఆరు శవాలు.

ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ వాళ్లు 2016లో ఒక పెద్ద అధ్యయనం తెచ్చారు, ఉరిశిక్ష పడ్డ 373 మంది ఖైదీలతో నేరుగా మాట్లాడి. 2000 నుంచి 2015 దాకా కింది కోర్టులు వేసిన ఉరిశిక్షల్లో, పైకోర్టుల్లో తేలినవాటిని లెక్కేస్తే, ఉరి నిలిచింది 5 శాతంలోపు. దాదాపు 30 శాతం మంది పూర్తిగా నిర్దోషులుగా బయటికొచ్చారు. మిగిలినవి యావజ్జీవం అయ్యాయి. వందకి ముప్పై మందిని తప్పుగా ఉరికంబం దారి పట్టించే వ్యవస్థలో తనిఖీలు తీసేద్దాం అంటున్నారు మీరు. మీ ఆఫీసులో ముప్పై శాతం బగ్గులున్న కోడ్‌ని టెస్టింగ్ లేకుండా లైవ్‌లో పెడతారా?

త్వరగా చేసి చూశాం కూడా. 2019లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాప మీద జరిగిన ఘోరానికి వరంగల్ కోర్టు రెండు నెలల్లోపే ఉరి వేసింది. నాలుగు నెలలు తిరక్కుండానే హైకోర్టు దాన్ని చచ్చేదాకా జైలు కింద మార్చింది. కింద ఎంత పరిగెత్తినా పైన ఆగి చూడాల్సిందే, చూడకపోతే ఏమవుతుందో పైన రాశాను.

నా బాధంతా ఇక్కడే. రద్దు కోరేవాళ్లు కొందరు ‘ఉరి ఖరీదైనది, జైలు చవక, కాబట్టి రద్దు చేయండి’ అంటారు. అది పెళుసు వాదన, మీలాంటివాళ్లు వెంటనే ‘అయితే చవక చేద్దాం’ అంటారు, కాలిఫోర్నియాలో అన్నట్టే. ఆ ఖర్చు మనిషిని తప్పుగా చంపకుండా ఉండటానికి పెట్టే ఖర్చు. అమెరికాలో ఆ డబ్బు ప్రభుత్వం జేబులోంచి పోతోంది కాబట్టి లెక్క తేలుతోంది. మన దగ్గర పేద ముద్దాయి తరఫున జిల్లా కోర్టులో నిలబడేది లీగల్ ఎయిడ్ లాయరు, ఇచ్చేది నామమాత్రం ఫీజు. ముద్దాయితో ఒక గంట కూర్చుని మాట్లాడకుండానే సాక్షుల్ని క్రాస్ చేసిన కేసులు నేను కళ్లారా చూశాను. దోషి అని తేల్చిన రోజు మధ్యాహ్నమే శిక్ష మీద వాదన అయిపోయి సాయంత్రానికి ఉరి వేసిన తీర్పులున్నాయి. మనం ముందు మిగుల్చుకున్న డబ్బు, తర్వాత ఆ కుటుంబం పొలం అమ్ముకుని ఢిల్లీ రైలు టిక్కెట్లకి పెడుతుంది.

ప్రశ్న: కోర్టులూ వద్దు, ఖర్చూ వద్దు. దిశ కేసులో చేసినట్టు చేస్తే సరి.
— డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: అంతకంటే చవకది లేదు, ఒప్పుకుంటాను. ఆ అమ్మాయి అత్యాచారం, హత్య కేసులో పట్టుకున్న నలుగురిని 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చేశారు, ఊరంతా పూలు చల్లింది. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఏం చెప్పింది? పోలీసులు కావాలనే, చంపాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని. ఆ అమ్మాయిని చంపింది ఆ నలుగురేనా అన్నది ఇక ఏ కోర్టూ తేల్చదు. అదే నెల ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 21 రోజుల్లో తీర్పు, అత్యాచారానికి ఉరి అంటూ దిశ బిల్లు పాస్ చేసింది. దానికి రాష్ట్రపతి ఆమోదం రానేలేదు.

ప్రశ్న: యావజ్జీవం అంటే 14 ఏళ్లేగా? తర్వాత బయటికొచ్చి మళ్లీ చేస్తాడు.
— కిరాణా వ్యాపారి, నంద్యాల

జవాబు: ఇది అందరూ పొరబడే విషయం. యావజ్జీవం అంటే బతికినన్నాళ్లూ అని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. హత్యలాంటి కేసుల్లో 14 ఏళ్లు పూర్తికాకుండా ప్రభుత్వం వదలడానికి వీల్లేదన్నది చట్టం, 14 ఏళ్లకి వదిలేయాలని కాదు. అది కనీసం, గరిష్ఠం కాదు. అయితే స్వాతంత్ర్య దినోత్సవానికీ గాంధీ జయంతికీ ప్రభుత్వాలు తమకి కావాల్సినవాళ్లని కూడా జాబితాలో కలిపి వదిలేస్తున్నాయన్న మీ అనుమానం ఉత్తదేం కాదు. అందుకే 2008 నుంచి సుప్రీంకోర్టు ఇంకో దారి పట్టింది, 20 ఏళ్లు, 30 ఏళ్లు, లేదా చచ్చేదాకా విడుదల లేకుండా జైలు అని తీర్పులోనే రాసేయడం. 2015లో రాజ్యాంగ ధర్మాసనం అది చెల్లుతుందంది, ఆ అధికారం హైకోర్టుకీ సుప్రీంకోర్టుకీ మాత్రమే. వాడు బయటికి రాకూడదన్నదే మీ టెన్షన్ అయితే దానికి తాడు అక్కర్లేదు.

ప్రశ్న: మా అక్క కూతుర్ని చంపినవాడికి కింది కోర్టు ఉరి వేసింది. మేం పండగ చేసుకున్నాం. తర్వాత హైకోర్టు యావజ్జీవం చేసింది, ఇప్పుడు ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్తుందో లేదో ఎవరూ చెప్పరు. మీ కాలమ్ చదివి కడుపు మండింది. మా గురించి ఒక్క మాట రాయలేదేం?
— ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీతో నేను వాదించను. మీకు పనికొచ్చేవి చెప్తాను. శిక్ష తగ్గిందని మీరు నేరుగా అప్పీలు చేసుకునే హక్కు చట్టం ఇవ్వలేదు, నిర్దోషి అన్నప్పుడు, చిన్న నేరం కింద మార్చినప్పుడు, పరిహారం చాలనప్పుడు మాత్రమే బాధితులు అప్పీలు చేయొచ్చు. శిక్ష పెంచమని అడగాల్సింది ప్రభుత్వం. హైకోర్టు తీర్పు కాపీ తీసుకుని జిల్లా కలెక్టర్‌కీ, హైకోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఆఫీసుకీ రాతపూర్వకంగా అర్జీ పెట్టండి, గడువు దాటకముందే. ప్రభుత్వం వెళ్తే మీ తరఫున సొంత లాయర్ని పెట్టుకుని ప్రాసిక్యూషన్‌కి సాయంగా నిలబడవచ్చు. కేసు ఎటు తేలినా సంబంధం లేకుండా బాధితుల పరిహారం ఉంటుంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టారా? చాలామందికి ఆ ఫారం ఉందని కూడా ఎవరూ చెప్పరు. పెట్టకపోతే ఈ వారమే వెళ్లండి, ఫీజు ఏమీ ఉండదు.

ఒక్కటి మాత్రం అంటాను, కోపం తెచ్చుకోకండి. కింది కోర్టు మొదటి రోజే విడుదల లేని జైలు వేయగలిగి, కేసు అక్కడితో తెమిలి ఉంటే, మీరు ఇన్నేళ్లు వాయిదా వాయిదాకీ గుండె చేత్తో పట్టుకుని కూర్చునేవారు కాదు. ఉరి అన్న ఒక్క మాట మిమ్మల్నీ ఆ ముద్దాయి కుటుంబంతో పాటే ఢిల్లీ దాకా లాక్కెళ్తోంది.

ప్రశ్న: ఉరి పేదోళ్లకే పడుతుందని మీరు గతంలో ఒకసారి రాశారు. చిలకలూరిపేట బస్సులో 23 మందిని తగలబెట్టినవాళ్లు కూడా పేదోళ్లేగా? చచ్చినవాళ్లు పేదోళ్లు కాదా?
— ఆర్టీసీ రిటైర్డ్ ఉద్యోగి, నరసరావుపేట

జవాబు: మీ డిపో జనం ఆ బస్సుని మర్చిపోలేరని తెలుసు. 1993 మార్చి 8, తెల్లవారకముందే, దోచుకోవడానికి ఎక్కిన ఇద్దరు దళిత యువకులు పెట్రోల్ చల్లారు, మంట అంటుకుంది, 23 మంది సజీవంగా కాలిపోయారు. నేరం చిన్నదని ఎవరూ అనలేదు, వాళ్ల ప్రాణం కోసం తిరిగినవాళ్లు కూడా అనలేదు. అన్ని కోర్టులూ ఉరి అన్నాయి, రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష తోసిపుచ్చారు, 1997 మార్చి 29 తేదీ పడింది. వాళ్లు రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్నారు. ముందు రోజు సాయంత్రం సుప్రీంకోర్టు ఆపింది. పౌరహక్కుల సంఘాలు మళ్లీ అర్జీ పెట్టాయి, 1998లో కొత్త రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ దాన్ని యావజ్జీవం చేశారు. కేసు అదే, కాగితాలు అవే, మనిషి మారాడు, అంతే. శర్మగారి సంతకం ఇంకొక్క రోజు నిలిచుంటే ఇద్దరూ పోయేవాళ్లు.

ఈ అదృష్టం అందరికీ పట్టలేదు. ఎమర్జెన్సీలో, 1975 డిసెంబరు 1న, ముషీరాబాద్ జైల్లో ఆదిలాబాద్ జిల్లా రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లని ఉరి తీశారు. అంతకుముందు ఆఖరి గంటల్లో ఆగిన ఉరి అది, ఎమర్జెన్సీలో ఆపేవాళ్లు లేకపోయారు. ఇప్పుడక్కడ గాంధీ ఆసుపత్రి ఉంది.

ఉత్తరప్రదేశ్‌లో ఇంకో కేసు ఉంది, లా విద్యార్థులు అందరూ చదివేది. ఒకే హత్యాకాండలో ఒకే పాత్ర ఉన్న ముగ్గురు, ముగ్గురికీ ఉరి. వేర్వేరుగా సుప్రీంకోర్టుకెళ్లారు, వేర్వేరు బెంచీల ముందు పడ్డారు. ఒకరి అప్పీలు కొట్టేశారు, 1981 అక్టోబరులో ఉరి తీశారు. ఇంకొకరికి యావజ్జీవం అయింది. మూడో మనిషి హర్బన్స్ సింగ్‌ని కూడా ఉరి తీయబోతుంటే, రెండోవాడికి తగ్గించిన సంగతి అప్పటికి గానీ కోర్టు దృష్టికి రాలేదు. ఇందులో పేదరికం కూడా కాదు, ఏ రోజు ఏ కోర్టు హాల్లో ఫైలు పడిందన్నదే.

చచ్చినవాళ్లు పేదోళ్లేనన్న మీ మాట వంద శాతం నిజం. ఆ 23 కుటుంబాలకి ఏం అందింది, ఆ పిల్లలు ఏమయ్యారు అని ఎవరైనా రాస్తే ఈ పత్రికలో వేయించే పూచీ నాది.

ప్రశ్న: ఉగ్రవాదులకు కూడా వద్దంటారా? లా కమిషనే వాళ్లని మినహాయించింది కదా.
— ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అవును, 2015లో జస్టిస్ ఎ.పి.షా నాయకత్వంలోని లా కమిషన్ ఉగ్రవాదం, దేశం మీద యుద్ధం తప్ప మిగతా అన్నిటికీ రద్దు చేయమంది. నేను ఆ మినహాయింపుతో ఏకీభవించను. ఒత్తిడి ఎక్కువున్న కేసుల్లోనే పోలీసులు ఎవరో ఒకర్ని చూపించాలని తొందరపడతారు. అక్షర్‌ధామ్ మీద దాడి కేసులో ముగ్గురికి ఉరి పడింది, గుజరాత్ హైకోర్టు ఖరారు చేసింది, 2014 మే 16న సుప్రీంకోర్టు మొత్తం ఆరుగురూ నిర్దోషులంది, అప్పటికి పదేళ్లకి పైగా అయింది. మీ ఏరియాలో 2013లో జరిగిన పేలుళ్ల కేసులో ఐదుగురికి 2016లో ఉరి పడితే, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు ఖరారు చేసింది. సుప్రీంకోర్టు ఇంకా ఉంది. వాళ్లు దోషులైతే జైల్లోనే ముసలివాళ్లు కానీయండి, నాకేం అభ్యంతరం లేదు.

ప్రశ్న: మా కాలేజీ మూట్ కోర్టులో రద్దు తరఫున వాదించమని నాకు పడింది. రద్దు చేయాల్సింది పార్లమెంటా, సుప్రీంకోర్టా? ఎక్కడ మొదలుపెట్టాలి?
— లా విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: పార్లమెంటు ఏ రోజైనా చేయొచ్చు. 2023లో క్రిమినల్ చట్టాలన్నీ తిరగరాసినప్పుడు అవకాశం వచ్చింది, ఉరి పడే నేరాలు తగ్గకపోగా పెరిగాయి. ఐక్యరాజ్యసమితిలో ఉరి నిలిపివేత తీర్మానం వచ్చిన ప్రతిసారీ మన దేశం వ్యతిరేకంగానే ఓటేస్తోంది. ఇది మనకి బొత్తిగా కొత్త ఆలోచనేం కాదని అవతలి పక్షానికి గుర్తు చేయండి, ట్రావంకూర్ సంస్థానం 1944లోనే దాదాపు రద్దు చేసింది, 1949 జూన్‌లో రాజ్యాంగ సభలో అంబేద్కర్ రద్దే సరైనదని అన్నారు.

సుప్రీంకోర్టు వైపు నుంచి అయితే 1980 నాటి బచన్ సింగ్ తీర్పు మీకు అడ్డు. నలుగురు జడ్జీలు ఉరి చెల్లుతుంది, అత్యంత అరుదైన కేసుల్లో మాత్రమే వేయాలి అన్నారు. ఏది అరుదైనదో అప్పటినుంచీ ఎవరి లెక్క వాళ్లదే. 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు, ముద్దాయి నేపథ్యం, మానసిక స్థితి గురించి కింది కోర్టే వివరాలు తెప్పించుకోవాలంది, అదే ఏడాది శిక్ష మీద వాదనకి ఎంత సమయం ఇవ్వాలన్నది ఐదుగురు జడ్జీల బెంచికి పంపింది. ఈ రెండూ తప్పక చదువు. ఖర్చు వాదన చివర్లో వాడు, మొదట్లో వాడితే బెంచి మీద కూర్చున్న మీ లెక్చరర్ ‘అప్పీళ్లు తగ్గిద్దామా’ అంటారు, ఇరుక్కుపోతావు. బచన్ సింగ్‌లో ఐదో జడ్జి పి.ఎన్.భగవతి రద్దు కావాలన్నారు, ఆయన అసమ్మతి తీర్పు రెండేళ్ల తర్వాత, 1982 ఆగస్టులో వచ్చింది. చాలా పెద్దది, రెండు రాత్రులు పడుతుంది. నీ వాదన అక్కణ్ణించి మొదలుపెట్టు, అవతలివాళ్లు దాన్ని చదివి వచ్చే అవకాశం తక్కువ.